నడిపే కరెంటు, లేపే కరెంటు

గోదావరిఖని మార్కెట్ వెనక గల్లీలో కొమురెల్లి దుకాణం ఎక్కడని అడిగితే, "స్విచ్చుల కొమురెల్లి కాడికా?" అని ఎదురు అడిగేవాళ్లు. కాలిపోయిన మోటార్లకు, ఫ్యాన్లకు మళ్లీ రాగితీగ చుట్టి ప్రాణం పోయడం ఆయన పని. రేకుల కప్పు కింద ముందు గది దుకాణం, వెనక గది ఇల్లు. రెండు గదులకూ కలిపి రెండు బల్బులు, ఒక ఫ్యాను, మోటార్లు పరీక్ష చేసే బల్ల. అంతే. కానీ గోడ నిండా స్విచ్చులే. ప్రతి దానికీ దాని తీగ దానిదే, ఫ్యూజు దానిదే, స్విచ్చు దానిదే. గోడ కూలినా కొమురెల్లి ఇల్లు కూలదు, స్విచ్చులే నిలబెడతాయని గల్లీ వాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను. అప్పటికి నాకేం తెలుసు?

నేను అక్కడి బళ్లో సైన్సు చెప్పేదాన్ని. మాది జగిత్యాల. నాకు నోరెక్కువని మా హెడ్మాస్టరు గారు అనేవారు. ఎక్కువే, కాదన్నదెవరు? పిల్లలకు పాఠం అర్థం కాకపోతే వాళ్ల మీద కన్నా నా మీద నాకే ఎక్కువ కోపం వచ్చేది. 1979 వానకాలం పోయాక, మా తమ్ముడు హైదరాబాదు నుంచి పంపిన ఇంగ్లీషు సైన్సు పత్రికలో చక్రాలు లేని రైలు బొమ్మ చూశాను. ఇంకేముంది, ఈసారి సైన్సు ప్రదర్శనలో దీన్ని పెట్టి తీరాలని పట్టు పట్టాను. ఏటా పెట్టే అగ్నిపర్వతాన్నీ, ఏటా పెట్టే అట్టముక్కల గుండెనూ చూసి చూసి నాకు విసుగొచ్చింది.

బొగ్గు ఊరి పిల్లలకు రైలు గురించి ఒకరు చెప్పాలా? రామగుండం స్టేషన్లో గూడ్సు బండి కదిలితే చాలు, వాళ్ల ముఖాలు వెలుగుతాయి. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద ఎంత గోల చేస్తుందో వాళ్లకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. అలాంటి పిల్లలకు, పట్టాను తాకకుండా గాలిలో నిలబడి పరుగెత్తే బండి ఉందని చూపిస్తే ఎలా ఉంటుంది? అందుకు నాకు కావలసింది ఒక మంచి కరెంటు అయస్కాంతం. చిన్న ఇనుప బండిని పైకి లేపగలిగేది. తీగ చుట్టడంలో కొమురెల్లిని మించినవాడు లేడని, పైగా ఒకప్పుడు ఒక క్రషరులో పెద్ద అయస్కాంతం దగ్గర పని చేశాడని చెప్పారు. సరే, వెళ్లాను.

ఆయనకు అప్పటికి యాభై దగ్గర పడి ఉంటాయి. పొట్టి మనిషి. తల వంచుకుని తీగ చుడుతూనే నా మాటలన్నీ విన్నాడు. అయస్కాంతం అనే మాట వచ్చేసరికి చెయ్యి ఆగింది.

"మోటర్లు ఏవన్న ఉంటే తెండ్రి పంతులమ్మా, చేసిస్త. గా అయస్కాంతం మాత్రం నేను చుట్టనమ్మా."

"ఎందుకు చుట్టవన్నా? అదీ తీగే కదా, ఇదీ తీగే కదా?"

"తీగే. అయినా చుట్టను."

వద్దంటే ఊరుకునే రకాన్నా నేను? మర్నాడు బడి విడవగానే మళ్లీ వెళ్లాను. ఆ మర్నాడూ వెళ్లాను. ఐలవ్వ, అంటే కొమురెల్లి భార్య, నన్ను చూసి నవ్వుతూ పీట వేసేది. నేను వెళ్లే వేళకే షిఫ్టు మారే సైరన్ మోగేది. ఆ వెంటనే మల్లక్క అనే ఆవిడ, హోటల్లో గ్లాసులు కడిగే మనిషి, గల్లీ పొడుగునా దుకాణాలకు చాయ్ ఇచ్చుకుంటూ వచ్చి కొమురెల్లి బల్ల మీద కూడా ఒక గ్లాసు పెట్టి పోయేది. ఆయన దాని వైపు చూసేవాడు కాదు.

"చాయ్ చల్లారుతుందన్నా."

"మీరు తాగుండ్రి."

మొదటి రోజు మొహమాటపడ్డాను. రెండో రోజు నుంచి అదీ లేదు. బళ్లో అరిచి అరిచి ఎండిన గొంతుకు ఆ చాయ్ అమృతంలా ఉండేది. "అల్లం దండిగా దంచి వేస్తున్నాడన్నా ఈ హోటల్ ఆయన" అని మెచ్చుకుంటూ తాగేదాన్ని. కొమురెల్లి తీగ చుట్టుకుంటూ ఉండేవాడు. ఖాళీ గ్లాసును మల్లక్క వచ్చి తీసుకుపోయేది. అలా ఓ పదిహేను రోజులు ఆయన చాయ్ నేనే తాగాను.

ఆ పదిహేను రోజుల్లో రైలు గురించి ఆయనకు నేను పాఠమే చెప్పాను. చుట్టనన్న మనిషే, వినడం మాత్రం చెవులప్పగించి వినేవాడు. అనుమానాలు అడిగేవాడు. నాకు అంతకన్నా కావలసిందేముంది?

"అయస్కాంతం కాడ ఇనుము నడుమల నిలవది పంతులమ్మా" అన్నాడు మొదట. "దగ్గరికొస్తే లటుక్కున అతుక్కుంటది. దూరమైతే పడుతది. గాలిల ఆగుడన్నది లేదు."

"అదే కదన్నా జర్మనీ వాళ్లు చేసిన పని" అని నా చేతిని ఆయన బల్ల అంచు కిందికి వంచి చూపించాను. "ఈ బల్ల వాళ్లు వేసిన దారి అనుకో. నా చెయ్యి బండిది. బండి దారి మీద కూర్చుంటుంది కానీ, దాని చేతులు ఇలా అంచు కిందికి వంగి ఉంటాయి. ఆ చేతుల్లో అయస్కాంతాలు. దారి అడుగున ఇనుము బిగించి ఉంటుంది. అయస్కాంతం ఆ ఇనుము కోసం పైకి లేస్తుంది, దానితో పాటు బండీ లేస్తుంది. నడుమ ఒక వేలు మందం సందు. ఆ సందును కొలిచే పరికరం ఒకటి కన్నార్పకుండా చూస్తూనే ఉంటుంది. సందు తగ్గిందా, కరెంటు తగ్గిస్తుంది. పెరిగిందా, కరెంటు పెంచుతుంది. ఒక్క సెకను కూడా ఊరుకోదు."

ఆయన వంగి నా చేతికీ బల్లకూ మధ్య సందులోకి చాలాసేపు చూశాడు. "అంటే నిలిచినట్టు కనవడుతది గని, లోపల ఎప్పుడు పడుడు లేచుడేనన్నట్టు" అన్నాడు. అంతే కదా మరి.

"మరి ఉరుకుడెట్ల? చక్రం లేకపాయె, ఇంజను లేకపాయె."

"నువ్వు చుట్టే మోటారునే నిలువునా కోసి, చాప పరిచినట్టు దారి పొడుగునా పరిచావనుకో. లోపలిది గుండ్రంగా తిరగడానికి చోటు లేదు కదా, ముందుకు ఉరుకుతుంది. దారిలోని తీగచుట్టల్లో కరెంటు ఒకదాని తర్వాత ఒకదానికి అందుకుంటూ పోతుంటే, బండి ఆ కరెంటు వెంట పోతుంది."

ఆ మాటకు కొమురెల్లి నోరారా నవ్వాడు. ఆయన నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే. "సాపుగ పరిచిన మోటరు!" అని ఐలవ్వను పిలిచి మరీ చెప్పాడు. ఐలవ్వ "పరిస్తే ఇల్లంత నిండుతది, వద్దు" అంది.

జపాన్ వాళ్లది ఇంకో పద్ధతి. అదీ చెప్పాను. మియాజాకి అనే చోట దారి వేసి పరుగెత్తించి చూస్తున్నారు. వాళ్లు తీగచుట్టలను ద్రవంగా మార్చిన హీలియంలో పెట్టి, మంచు కూడా వెచ్చగా అనిపించేంత చలిలో ఉంచుతారు. ఆ చలిలో కొన్ని లోహాలు కరెంటుకు అడ్డు చెప్పవు. ఒకసారి ఎక్కించిన కరెంటు తిరుగుతూనే ఉంటుంది. అంత బలమైన అయస్కాంతం పరుగు మీద ఉంటే, దారిలో అమర్చిన చుట్టల్లో దానంతట అదే కరెంటు పుట్టి బండిని పైకి నెడుతుంది. పరుగు లేకపోతే లేవడం లేదు. అందుకే బయల్దేరేటప్పుడు, ఆగేటప్పుడు ఆ బండి మామూలు చక్రాల మీదే నడుస్తుంది.

"గిది మన దగ్గర ఎప్పుడొస్తది?"

ఏం చెప్పను? జర్మనీలో ఆ ఏడే హాంబర్గ్ ఊళ్లో ప్రదర్శన పెట్టి, కిలోమీటరు కూడా లేని దారి మీద జనాన్ని ఎక్కించి తిప్పారు. ప్రపంచం మొత్తం మీద అప్పటికి అంతే. ఆ తర్వాత చాలా ఏళ్లకు షాంఘైలో విమానాశ్రయానికి అలాంటి బండే పెట్టారు, జపాన్లో నగోయా పక్కన ఊళ్లో తిరిగే చిన్నది ఒకటి వచ్చింది. ఇన్నేళ్లయినా నిండా పది చోట్ల లేదు. దారి వేయడానికి అయ్యే ఖర్చు అలాంటిది. మన దగ్గరికి ఇంకా రానే లేదు. ఆ రోజు మాత్రం పిల్లలకు చెప్పినట్టే ఆయనకూ చెప్పాను, వస్తుందన్నా, ఎందుకు రాదు అని.

అప్పుడడిగాడు ఆ ప్రశ్న. తీగ కింద పెట్టి, ముఖం నా వైపు తిప్పి అడిగాడు.

"కరెంటు పోతే?"

నేను చాయ్ గుక్క మింగుతూ, "పోతే ఏముందన్నా, పడుతుంది" అన్నాను.

కొమురెల్లి లేచాడు. పరీక్ష బల్ల స్విచ్చు తీశాడు, దీపం స్విచ్చు తీశాడు, ఫ్యాను స్విచ్చు తీశాడు. ఒక్కొక్కటే తీసి వెనక గదిలోకి వెళ్లిపోయాడు. నేను గ్లాసు పట్టుకుని చీకట్లో కూర్చుండిపోయాను.

ఐలవ్వ బయటికొచ్చి నా పక్కన కూర్చుంది. "మీరేమనుకోకుండ్రి పంతులమ్మా" అని, మెల్లగా చెప్పింది.

బొగ్గు వ్యాగన్లు నిలిపే రైలు సైడింగు పక్కన ఒక కాంట్రాక్టరుకు బొగ్గు నలగ్గొట్టే క్రషరు ఉండేది. కొమురెల్లి అక్కడ కరెంటు పని చూసేవాడు. బొగ్గు పెళ్లలు రబ్బరు బెల్టు మీద క్రషరులోకి పోతాయి. వాటిలో విరిగిన గునపం ముక్కో, బోల్టో, పట్టా తునకో కలిసి ఉంటే క్రషరు పళ్లు విరుగుతాయి. అందుకని బెల్టుకు పైన పెద్ద కరెంటు అయస్కాంతం వేలాడదీశారు. కింద బొగ్గు పోతుంటే అది ఇనుమును పైకి లాగి పట్టుకుంటుంది. బెల్టు ఆపాక, అయస్కాంతం కింద ఇనుప తొట్టి తోసి, దాని కరెంటు తీసేస్తే పట్టుకున్నదంతా తొట్టిలో రాలుతుంది. బెల్టు స్విచ్చు కింద ఉండేది. అయస్కాంతం స్విచ్చు పైన, నిచ్చెన ఎక్కి తీయాలి. ఆ నిచ్చెన ఎక్కే పని బద్రుద్దీన్‌ది.

బద్రుద్దీన్ వయసులో చిన్నవాడు. కొమురెల్లిని కొమురన్నా అని వెంట తిరిగేవాడు. ఇద్దరికీ ఒకే సద్ది, ఒకే బీడీ. ఒక గ్లాసు చాయ్ తెచ్చుకుని ఒకడు గ్లాసులో, ఇంకొకడు సాసరులో తాగేవాళ్లు. ఆ ఏడు రంజాన్ చలికాలంలో వచ్చింది. బద్రుద్దీన్ రోజాలు ఉండేవాడు. పొద్దంతా మంచినీళ్లు కూడా ముట్టకుండా బొగ్గు దుమ్ములో నిచ్చెన ఎక్కి దిగుతుంటే సాయంత్రానికి కాళ్లు వణికేవి. ఒకనాడు కళ్లు తిరిగి నిచ్చెన మీదే కూలబడ్డాడు.

"మా ఆయనకు పానం ఒప్పలే" అంది ఐలవ్వ. "పై స్విచ్చు తీసేసి, దాని తీగ తెచ్చి కింద బెల్టు స్విచ్చుకే కలిపిండు. ఒక్క స్విచ్చు తీస్తే బెల్టు ఆగుతది, అయస్కాంతం గూడ బందయితది. తొట్టి ముందుగాల తోసిపెట్టుకుంటే సాలు. ఇగ నిచ్చెన ఎక్కే ఫికరు లేదు. బద్రూ మా ఇంటికొచ్చి మరీ చెప్పిండు, వదినా, అన్న నాకు ఈద్ ఖుషీ ముందుగాల్నే ఇచ్చిండు అని."

పండుగ ఇంకా రాలేదు. ఒక మధ్యాహ్నం బద్రుద్దీన్ మెడ చుట్టూ ఉన్న రుమాలు కొస బెల్టు రోలరులో చిక్కింది. మనిషిని మెడ పట్టి లోపలికి లాగుతోంది. చూసినవాళ్లంతా "బందు పెట్టు! బందు పెట్టు!" అని అరిచారు. కొమురెల్లి ఉరికి స్విచ్చు లాగాడు. బెల్టు ఆగింది. దానితో పాటే అయస్కాంతం కూడా చచ్చింది. పైన అతుక్కుని ఉన్న పట్టా తునక, మూరెడు పొడుగుది, సరిగ్గా బద్రుద్దీన్ కుడిచేతి మీద పడింది. తొట్టి లేదు. అది తోసే వ్యవధి ఎక్కడిది?

మోచేతి కింద తీసేశారు. ప్రాణం దక్కింది. స్విచ్చు లాగకపోతే మెడ పోయేదని, కొమురెల్లి దేవుడిలా కాపాడాడని అందరూ అన్నారు. విచారణకు వచ్చినవాళ్లు కూడా ప్రమాదం జరిగితే ముందు కరెంటు తీయాల్సిందే, తీశాడు, అన్నారు. బద్రుద్దీన్ ఎవరినీ ఒక్క మాట అనలేదు.

"అందరు మంచి చేసినవంటరు. ఈయన ఒక్కడే అనడు" అంది ఐలవ్వ. "రెండు స్విచ్చులు రెండుగనే ఉంటే బెల్టు ఆగు, ఇనుము పైననే ఉండు. నేను కలిపిన, నేను కలిపిన అని గదే మాట. క్రషరుకు మళ్ల పోలే. బద్రూను చూడవోలే. పదేండ్లు దాటింది. ఈ మార్కెట్లనే ఇద్దరుంటరు. బద్రూ హోటల్ ముంగటినుంచి పోవాల్సి వస్తదని ఈయన చుట్టు తిరిగి పోతడు."

నా చేతిలో గ్లాసు ఉంది. నాకు అప్పుడు తట్టింది. "ఈ చాయ్..."

"బద్రూ పంపుడే. హోటల్ పెట్టిన్నాటి సంది ఒక్కనాడు ఆపలే. ఒంటి చేతితోని పోసిన చాయ్ నా గొంతుల దిగదు అంటడు ఈయన. రోజు చల్లారిపోయి నిండు గ్లాసే వాపసు పోయేది. మొన్నమొన్న మీరొచ్చినంకనే..." అని ఐలవ్వ ఆగిపోయింది. తర్వాత గొంతు తగ్గించి, "బద్రూ ఊరిడిసి పోతుండు పంతులమ్మా. వాళ్ల బామ్మర్ది బల్లార్షల ఉంటడు, గక్కడికి రమ్మన్నడట. ఈ శుక్రవారం బండికే. పోయేలోపట ఒక్కపారి కలువు అని చెప్పి చెప్పి నా నోరు వోయింది. పోయి ఏం మాట్లాడాలె, ఏ ముఖంతోని మాట్లాడాలె అంటడు."

ఇంటికి నడుస్తుంటే నా మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. పోతే పడుతుంది! అంత తేలిగ్గా ఎలా అన్నాను? అసలు నిజంగా పడుతుందా? చదివానా నేను? తెలిసినంత చెప్పి తెలియనిది దాటేయడం మా టీచర్లకు ఉన్న జబ్బు. పత్రిక తీసి ఈసారి బొమ్మల కింది చిన్న అక్షరాలు కూడా వదలకుండా చదివాను. చదివేసరికి గురువారం తెల్లారింది. బడికి ఆలస్యమైనా సరే అని పొద్దున్నే కొమురెల్లి దుకాణానికి పరుగెత్తాను.

"అన్నా, నేను తప్పు చెప్పాను. కరెంటు పోతే ఆ బండి పడదు."

ఆయన తీగ చుడుతూనే ఉన్నాడు.

"లేపే అయస్కాంతాలకు కరెంటు బండిలోనే ఉంటుంది. బ్యాటరీలు. బయట కరెంటు మొత్తం పోయినా అవి పట్టుకునే ఉంటాయి. బండి వేగం తగ్గి నిలిచాక, మెల్లగా దారి మీదికి దించుతారు. దించడానికి అడుగున జారుడు చెక్కల్లాంటివి ఉంటాయి."

"మరి బండి ఆపాలంటే? బందు పెడితే?"

"బందు పెడితే నడిపేది ఒక్కటే ఆగుతుంది. నడిపే కరెంటు వేరన్నా, లేపే కరెంటు వేరు. ఒకదానితో ఒకటి ముడిపెట్టరు."

కొమురెల్లి చేతిలోని తీగచుట్ట కింద పడి, గల్లీ దాకా దొర్లుకుంటూ పోయింది. "మళ్లొకపారి చెప్పుండ్రి" అన్నాడు. చెప్పాను. మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను. "నడిపేది వేరు, లేపేది వేరు" అని తనలో తాను అనుకున్నాడు. "ముందుగాల్నే ఎరుకుండె వాళ్లకు. ఆపాల్సి వస్తదని, ఆపినప్పుడు పడొద్దని." ఆయన కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం కూడా లేదు. నాకూ ఏడుపొచ్చింది. మంచి చెప్పబోయి గాయం మీద కారం చల్లానేమో అనిపించింది. ఆయన మనసులో పదేళ్లుగా ఉన్న మాటను ఎక్కడో జర్మనీ వాళ్లు కూడా అవునన్నట్టయింది కదా.

కానీ సాయంత్రం బడి విడిచేసరికి కొమురెల్లి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. "పంతులమ్మా, ఆ బొమ్మ పుస్తకం తెండ్రి. బద్రూకు చూపిద్దం" అన్నాడు. మాట్లాడడానికి ఆయనకు మాట దొరికింది.

బద్రుద్దీన్ హోటల్ దాదాపు ఖాళీ అయిపోయింది. బెంచీలు ఎడ్లబండి మీద ఎక్కించి ఉన్నాయి. బద్రుద్దీన్ తాడు కొసను పళ్లతో పట్టుకుని ఎడమచేత్తో ముడి బిగిస్తున్నాడు. కొమురెల్లిని చూసి తాడు వదిలేశాడు. బద్రుద్దీనే ముందు మాట్లాడాడు.

"కూసో కొమురన్నా." అని చుట్టూ చూశాడు. కూర్చోవడానికి ఏమీ లేదు. బండి మీది నుంచి ఒక బెంచీ తనే దించాడు. తర్వాత పొయ్యి ఉండిన చోటు వైపు చూసి నొచ్చుకున్నాడు. "చాయ్ పెడుదమంటే పొద్దుగాల్నే పొయ్యి తీసేస్తి. గిన్నెలు గూడ మూట కడితి. ఎన్నేండ్లకొస్తివి, చాయ్ లేకపాయె."

కొమురెల్లి బెంచీ అంచు మీద కూర్చుని పత్రిక విప్పాడు. క్షమించమని అనలేదు. ఎలా ఉన్నావని కూడా అడగలేదు. నేను చెప్పిన పాఠమంతా, నా చేతి తీరుగానే చేతిని బెంచీ అంచు కిందికి వంచి, మొదటి నుంచి చెప్పాడు. వేలు మందం సందు. సాపుగ పరిచిన మోటరు. బద్రుద్దీన్ మధ్యలో "అరె వా" అంటూ విన్నాడు. చివరికి కొమురెల్లి వంచిన చేతిని వెనక్కి తీసుకున్నాడు.

"నడిపే కరెంటు వేరు తమ్మీ, లేపే కరెంటు వేరు. బండి ఆపినా లేపేది బందు కాదు. వాళ్లు వేరువేరుగ పెట్టిండ్రు. నేను కలిపిన."

"నాకోసం కలిపినవ్" అన్నాడు బద్రుద్దీన్. "రోజా ఉన్నోడు నిచ్చెన మీదికెల్లి పడుతడని కలిపినవ్. నాకు గదే యాదుంది. చెయ్యి ఒక్క దెబ్బకు పోయింది కొమురన్నా. యాడాదిల ఆ నొప్పి మర్చిన. నువ్వు మాత్రం ఇన్నేండ్లు రోజు నాకు దూరం పోతనే ఉన్నవ్. రోజు మల్లక్క నిండు గ్లాసు వాపసు తెచ్చి నా ముంగట పెడుతుండె. ఎట్లుండె అనుకున్నవ్ నాకు?"

కొమురెల్లి పత్రిక మూసి బెంచీ మీద పెట్టాడు.

"పోనీ తియ్యి" అన్నాడు బద్రుద్దీన్, ఉన్నట్టుండి ముఖం విప్పారగా. "గీ పదిహేను రోజుల సంది గ్లాసు ఖాళీగ వస్తుంది. మొదటిరోజు నేను నమ్మలే. మల్లక్కను మూడుసార్లు అడిగిన. మా ఇంటామె నుస్రత్‌కు చెప్పిన, కొమురన్న చాయ్ తాగిండే, ఇగ రేపో మాపో మన్షే వస్తడు అని. గందుకే పోయే దినం ఇంకొక వారం ఆపుకున్న. చూడు, వచ్చినవ్."

ఆ గ్లాసులు ఖాళీ చేసింది నేను. నోరెక్కువదాన్ని కదా, ఆ నోరు అప్పుడు ఏ గంగలో కలిసిందో. కొమురెల్లి నా వైపు ఒక్కసారి చూశాడు. తర్వాత బద్రుద్దీన్ ఎడమచేతిని తన రెండు చేతులతో పట్టుకున్నాడు.

"తాగిన తమ్మీ" అన్నాడు. "మస్తుగుంటది. అల్లం దండిగ దంచి ఏస్తవ్."

బద్రుద్దీన్ చిన్నపిల్లాడిలా నవ్వాడు. "నీకు అల్లం ఇష్టమని వేరేగ పోసి పంపుతుంటి" అన్నాడు.

శుక్రవారం బండికి వాళ్లు వెళ్లిపోయారు. కొమురెల్లి స్టేషన్ దాకా వెళ్లి మూటలు ఎక్కించి వచ్చాడని ఐలవ్వ చెప్పింది. ఆ సాయంత్రం నేను దుకాణానికి వెళ్లేసరికి బల్ల మీద నాకోసం కరెంటు అయస్కాంతం చుట్టి ఉంది. దాని పక్కన పిల్లల బండిని నడిపే చిన్న మోటారు. రెండింటికీ రెండు స్విచ్చులు, రెండు బ్యాటరీలు, తీగలు ఒకదానికొకటి తగలకుండా. ఎంత శుభ్రంగా చుట్టాడో, చూస్తుంటే చెయ్యి వేయబుద్ధి కాలేదు.

షిఫ్టు మారే సైరన్ మోగింది. కొమురెల్లి చేతిలోని పని ఆపి గల్లీ వైపు చూశాడు. మల్లక్క రాలేదు. రాదని ఆయనకు తెలియదా? అయినా చూస్తూనే కూర్చున్నాడు, చాలాసేపు. బల్ల మీద రోజూ గ్లాసు పెట్టే చోట తడి గుండ్రాలు పడి పడి మచ్చ కట్టి ఉంది. దాన్ని బొటనవేలితో ఒకసారి రుద్దాడు.

"పంతులమ్మా" అన్నాడు, నా ముఖం చూడకుండా. "ఆ చాయ్ ఎట్లుంటుండె?"